ఆమెన్ గట్టు

పోయిన నెల మా చుట్టాలింట్లో ప్రార్థన కూటం ఉందంటే బీదర్ నుంచి షేర్ ఆటోలో కమఠాణ దిక్కు బయల్దేరాను. కొల్హార్ ఫ్యాక్టరీల్లో పొద్దున షిఫ్టు దిగిన ఆడపిల్లలు ఇద్దరు నా పక్కన ఇరుక్కుని కూర్చున్నారు. మెడల్లో ఫోటో కార్డులు, ఒళ్ళో ఖాళీ టిఫిన్ డబ్బాలు. వాళ్ళ బట్టల నుంచి మెషిన్ నూనె వాసనా, జడల నుంచి మల్లెపూల వాసనా కలిసి వస్తున్నాయి. నా మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నేను అవస్థ పడుతుంటే, ఆ ఇద్దరిలో చిన్నపిల్ల ముందుకు వంగి డ్రైవరుతో అంది.

"అన్నా, నన్ను ఆమెన్ గట్టు కాడ దించు."

నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఆ మాట విని ఎన్ని ఏళ్ళయిందో. ఆ మాట ఇంకా బతికుందని నేను అనుకోలేదు.

"ఏ గట్టు బిడ్డా?" అన్నాను.

"ఆమెన్ గట్టు అమ్మమ్మా. మా ఇంటి కాడిది."

"ఆ పేరు ఎట్ల వచ్చింది?"

"ఏమో. ఎనుకట ఆడ చర్చి ఉండెనంట."

"చర్చి గాదే," అంది రెండో పిల్ల. "ఎవరో పాస్టరును ఆడ బొందవెట్టిర్రట. మా అత్త చెప్పింది."

డ్రైవరు వెనక్కి తిరక్కుండానే తల అడ్డంగా ఊపాడు. "అట్లేం గాదు. నిజాం కాలంల అమీన్ సాబ్ ఉండె. ఆయన భూమి అది. అమీన్ గట్టు. జనం నోట్ల వడి ఖరాబై ఆమెన్ గట్టు అయింది."

ముగ్గురూ కాసేపు వాదించుకున్నారు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాను. చర్చీ లేదు, సమాధీ లేదు, అమీన్ సాబ్ అంతకన్నా లేడు. చెబుదామని నోరు తెరిచి, ఆటో చప్పుడులో అరిచి చెప్పే సంగతి కాదని మూసుకున్నాను. కానీ ఒకటి మాత్రం అడగకుండా ఉండలేకపోయాను.

"ఆడ గడ్డి ఉందా ఇంకా?"

ఆ పిల్ల నా మొహంలోకి వింతగా చూసింది. "గడ్డా? ఆడంత ప్లాట్లు వడ్డయి అమ్మమ్మా. గడ్డి ఏడుంటది?"

అప్పటిదాకా నవ్వుకుంటున్న దాన్ని, కొంగు నోటి మీద నుంచి తీసేశాను. పేరు మిగిలి గట్టు పోయిందా అని దారి పొడవునా అదే దిగులు. ఆ దిగులుతో పాటే నా చిన్నప్పటి ఒక వానాకాలం అంతా ముసురుకుంటూ వచ్చింది.

*

ఆ ఏడు అమ్మ పురిటికి పుట్టింటికి పోతూ నన్ను తాత దగ్గర దింపి పోయింది. తాత అంటే నాయనకు నాయన. ఊళ్ళో అందరూ ఆయన్ని ఉపదేశయ్య అనేవాళ్ళు. చర్చికి పెద్ద పాస్టరు వేరే ఉంటాడు, ఎప్పుడో పండగకు వస్తాడు. మిగతా రోజుల్లో ఊరూరా తిరిగి ప్రార్థన పెట్టేదీ, పిల్లలకు పాటలు నేర్పేదీ, జ్వరాలొచ్చిన వాళ్ళ తలల మీద చెయ్యి పెట్టేదీ తాతే.

ఎండాకాలం ఆయన సైకిల్ మీద పోయేవాడు. వానలు పడ్డాయంటే మా దిక్కు నల్లరేగడిలో సైకిల్ నడవదు. చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య మట్టి దిట్టంగా పట్టుకుంటుంది. అప్పుడు సైకిల్ మనిషిని మోయదు, మనిషే సైకిల్‌ని మొయ్యాలి. తాత మోకాలు ఒకటి అప్పటికే పాడయింది. అందుకని బీదర్‌లో టాంగా నడిపి మానేసిన ఒక ముసలి సాయిబు దగ్గర ఒక పొట్టి గుర్రాన్ని కొనుక్కొచ్చాడు. పొట్టి గుర్రాన్ని మా దిక్కు టట్టు అంటారు. ఎర్రది, నుదుటి మీద తెల్లమచ్చ, కడుపు మాత్రం దాని ఒంటికి మించి ఉండేది.

ఆ కడుపే మా కష్టాలకు మూలం.

నన్ను ముందు కూర్చోబెట్టుకుని తాత ఊళ్ళు తిరిగేవాడు. నా ముక్కుకు ఎప్పుడూ మూడు వాసనలు తగిలేవి. తడిసిన జీను తోలు, టట్టు చెమట, తాత ముక్కుపొడుం. ఆ మూడూ కలిస్తే నాకిప్పటికీ వాన వాసనే అనిపిస్తుంది. దారి పక్కన నువ్వుల పూలు, కందులు, పెసలు. తాత నెమ్మదిగా ఏదో పాట కూనిరాగం తీస్తుంటే నాకు నిద్ర ముంచుకొచ్చేది. సరిగ్గా అప్పుడే టట్టు తల ఢామ్మని కిందికి పోయేది. పగ్గాలు తాత చేతుల్లోంచి జారిపోయేవి. నేను దాని మెడ మీదికి జారి జూలు పట్టుకుని వేలాడేదాన్ని. అది మాత్రం మమ్మల్ని మరిచిపోయి గడ్డి పీక్కుని నమిలేది.

గడ్డి అయితే ఫరవాలేదు. దానికి గడ్డీ చేనూ తేడా లేదు. నడుస్తూ నడుస్తూ జొన్న ఆకు ఒక నోరు, పెసర తీగ ఒక నోరు. తాత విసిగిపోయి సాయిబును అడిగొచ్చాడు.

"సాబ్, టాంగా స్టాండుల దాని మూతికి ఎప్పుడు సంచి కట్టే ఉంచిన," అన్నాడట సాయిబు. "నిలవడితె తినుడే, నడిస్తె తినుడే. పేట్ ఖాలీ ఉంటె దాని దిమాగ్ ఖరాబ్ అయితది. మీరు జర సమ్‌ఝాయించున్రి."

సమ్‌ఝాయించడం, అంటే నచ్చజెప్పడం, ఎలాగో మాత్రం ఆయన చెప్పలేదు.

*

ఒకనాడు పటేల్ చూస్తుండగానే పని చెడింది. పటేల్ అంటే తాత వాళ్ళ ఊరి పెద్దరైతు. మాకంటే ఎన్నో తరాల ముందు నుంచి అక్కడ సేద్యం చేస్తున్న ఇల్లు. మీసాల మనిషి, గొంతు పెద్దది, మాట వెటకారం. ఆయన పెసర చేను పక్కనుంచి పోతుంటే టట్టు అలవాటుగా తల దించింది. ఆ రోజు నేల జారుడుగా ఉంది. తాత జీను మీద నుంచి పక్కకు జారి, తెల్ల ధోవతితో సహా, నేరుగా పెసర చేలో పడ్డాడు. నేను పైనే ఉండిపోయాను. టట్టు తాత పక్కనే ఉన్న పెసరకాయలు నమలడం మొదలుపెట్టింది.

పటేల్ గట్టు మీద నిలబడి అంతా చూశాడు. చెయ్యిచ్చి తాతను లేపాడు, బురద దులిపాడు, ఆ తర్వాత అడిగాడు.

"ఉపదేశయ్యా, దొంగతనం చెయ్యొద్దని మీ దేవుడు చెప్పిండంటవు గద. గీ గుర్రానికి చెప్పలేదా?"

చుట్టూ కలుపు తీసే ఆడవాళ్ళు పకపకా నవ్వారు. తాత కూడా నవ్వబోయాడు గానీ ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"మాఫ్ చెయ్యి పటేలా. నోరులేనిది."

"నోరు లేనిదా! నోరే గద ఉన్నది దానికి," అన్నాడు పటేల్. "ఇది మొదటిపారి గాదు. నీ మొకం జూసి ఊకున్న. ఇంకొక్కపారి నా చేన్ల మూతి వెట్టిందో, బందెలదొడ్లె తోలిస్త. ఆడికెల్లి ఎట్ల ఇడిపించుకుంటవో నీ ఇష్టం."

బందెలదొడ్డి అంటే పరాయి చేలో పడ్డ పశువుల్ని కట్టేసే చోటు. మా ఊళ్ళో అది బడి వెనకాలే ఉండేది. ఎవరిదైనా బర్రె అందులో పడితే బడి పిల్లలందరం వెళ్ళి గోడ మీద నుంచి తొంగిచూసేవాళ్ళం. బర్రెను కాదు, దాన్ని విడిపించుకోవడానికి వచ్చినవాళ్ళ ముఖాల్ని చూడ్డానికి. ఆ గోడ అవతల తాత తల వంచుకుని నిలబడడం నేను ఊహించుకున్నాను. ఆ రాత్రి అన్నం సహించలేదు.

నాయనమ్మ అయితే ఇంకో మాట అనేసింది. ఆవిడ పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె చరుస్తోంది. ఆవిడ రొట్టె చరిచే చప్పుడును బట్టి కోపం ఎంతో తెలిసిపోయేది.

"జనానికి మంచి చెప్పేటోని గుర్రం జనం చేన్లె మేస్తదా? ఇగ నీ మాట ఎవలు వింటరు? ఇంకోపారి గా పటేల్ నోట ఆ మాట వచ్చిందంటె, హుమ్నాబాద్ సంతల అమ్మేసి రా."

"అమ్మితే ఊళ్ళు ఎట్ల తిరుగుత?" అన్నాడు తాత.

"తిరుగకు. ఇంట్ల కూసో."

తాత పాడయిన కాలు చాపుకున్నాడు. మోకాలి మీద చెయ్యి పెట్టుకుని రుద్దుకున్నాడు. వానాకాలం అంతా ఇంట్లో కూర్చోవడం అంటే ఆయనకు ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. ఆయన కోసం గడప మీద కూర్చుని ఎదురుచూసే ముసలివాళ్ళు ఊరికి ఇద్దరు ముగ్గురు ఉండేవాళ్ళు. మరి నాకో? నాకు టట్టు కావాలి, అంతే. ఏడుపు వస్తుంటే ఎవరూ చూడకుండా ఉండడానికి రొట్టె మీదికి వంగాను. అలాగే టట్టు కోసం ఒక చిన్న ముక్క తుంచి పావడ మడతలో దాచుకున్నాను.

"ఆమెన్ అనలే ఇంకా," అంది నాయనమ్మ. ఆవిడ నా వైపు చూడను కూడా చూడలేదు.

మా ఇంట్లో అదో చట్టం. తాత ప్రార్థన పూర్తయి ఆమెన్ అనేదాకా కంచంలో చెయ్యి పెట్టకూడదు, కళ్ళు తెరవకూడదు. పెడితే నాయనమ్మ కళ్ళు మూసుకునే నా చేతి మీద సరిగ్గా కొట్టేది. ఎలా తెలిసేదో దేవుడికే ఎరుక. ఆకలి మీద ఉన్నప్పుడు తాత ప్రార్థన ఎంత పొడుగ్గా ఉండేదంటే, పుంటికూర పులుపు వాసన ముక్కుకు తగిలి నోట్లో నీళ్ళూరి గుటకలు మింగేదాన్ని. ఎల్లిగడ్డ కారం మీద పోసిన నూనె మెరుస్తూ కళ్ళు మూసినా కనబడేది.

ఆ రోజు నాయనమ్మ నా చేతి మీద దెబ్బ కొట్టాక తాత ఒక్కసారిగా నవ్వాడు.

"దీనికి నేర్పినం గద," అన్నాడు నన్ను చూపిస్తూ. "దానికి నేర్పలేమా?"

"దేనికి?"

"టట్టుకు. ఆకలయితె తప్పుగాదు. ఎప్పుడు తినాల్నో తెల్వకుంటె తప్పు. ఆమెన్ అన్నంకనే తినాలె, అంతే."

నాయనమ్మ రొట్టె పెనం మీద వేసి అలాగే ఉండిపోయింది. "దేవుని మాట గుర్రానికా? పాపం గాదూ?"

"గడ్డి ఇచ్చింది ఆయనే గద. వందనం చెప్పకుండ తినేటోళ్ళు మనుషుల్లనే ఎంతమంది లేరు. ఇదన్న నేర్చుకోనీ."

నాయనమ్మ పెనం మీది రొట్టె తిరగేసింది. చివరికి, "ప్రార్థన జర చిన్నగ చెయ్యి. అది నోరులేనిది," అంది.

*

మర్నాటి నుంచి మొదలు. ఊరవతల మంచి గడ్డి ఉన్న చోట తాత టట్టును ఆపేవాడు. మేము దిగము. పగ్గాలు బిగించి పట్టుకుని కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఈ గడ్డికి నీకు వందనాలు," అని మొదలుపెట్టేవాడు. టట్టు మెడ సాచి గుంజేది. ముసలి చేతులు కదా, ఆగలేక తాత తొందరగా ఆమెన్ అనేసి పగ్గాలు వదిలేవాడు. అది తల దించేది.

కొద్దిరోజులకు అది నేర్చుకుంది గానీ, మేం నేర్పాలనుకున్నది కాదు. గట్టిగా గుంజితే ప్రార్థన తొందరగా అయిపోతుందని నేర్చుకుంది! ముందు కాస్త నెమ్మదిగా గుంజేది, తర్వాత ఏకంగా తాతను జీను మీద నుంచి లాగేసేంత గుంజేది. నాయనమ్మకు చెబితే ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది.

"నీ మనుమరాలు గూడ అంతే. కంచం ముందర కదిలిందంటె నువ్వు ప్రార్థన తెంపేస్తవు. నేనే గద కొట్టి కూసోవెట్టింది."

"మరి దీన్ని కొట్టాల్నా?"

"కొట్టకు. గుంజినప్పుడల్ల ప్రార్థన మొదటికెల్లి షురూ చెయ్యి."

అదే మందు. టట్టు గుంజిందంటే తాత, "ప్రభువా, ఈ గడ్డికి..." అని మళ్ళీ మొదటికి వచ్చేవాడు. మళ్ళీ గుంజితే మళ్ళీ మొదటికి. ఒకసారి ఒకే చోట అలా ఎంతసేపు ఉండిపోయామంటే, అటుగా పోతున్న మేకల కాపరి తాతకు ఏదో అయిందనుకుని పరిగెత్తుకొచ్చాడు. తాత ఒక కన్ను తెరిచి, "ప్రార్థన చేస్తున్న, పో," అని మళ్ళీ మూసుకున్నాడు. కళ్ళు తెరవకూడదన్న చట్టం తాతకు లేదని ఆ రోజే కనిపెట్టాను. ఇంట్లో మాత్రం చెప్పలేదు.

తల ఎత్తి కదలకుండా నిలబడితే, ప్రార్థన ఒక్క ముక్కలో అయిపోయేది. "వందనాలు ప్రభువా, ఆమెన్." పగ్గాలు వదులు. అది హాయిగా మేసేది. మేము దిగి కాళ్ళు సాగదీసుకునేవాళ్ళం, తాత పొడుం పీల్చుకునేవాడు, నేను సజ్జరొట్టె మూట విప్పేదాన్ని. చాలనిపించాక తాత "చలో" అనేవాడు. అది సాయిబు నేర్పిన మాటే కాబట్టి తల లేపడానికి తగాదా లేదు. దారిలో నడిచేటప్పుడు మాత్రం ఎంత పచ్చగా ఉన్నా, ఎంత నోరూరినా, ఒక్క పరక కూడా ఇచ్చేవాడు కాదు. తల వంగబోతే మోకాలితో ముందుకు అదిలించేవాడు. నిలబెట్టినప్పుడే తిండి, అది కూడా మాట వినబడ్డాకే.

వాన ముదిరి వరుసగా ముసురు పట్టే వేళకు టట్టు మారిపోయింది. నిలబెడితే చాలు, మెడ నిటారుగా పెట్టి, చెవులు వెనక్కి తిప్పి తాత గొంతు కోసం వినేది. నేను చాటుగా "ఆమెన్" అని చూశాను. ముద్దుగా అన్నాను, గట్టిగా అన్నాను, తాత గొంతు పెట్టి అన్నాను. అది ఒక్కసారి నా వైపు చూసి మళ్ళీ తాత వైపు తిరిగేది. నాకు చెప్పలేనంత ఉక్రోషం వచ్చేది. నేనే కదా రోజూ శనగలు నానబెట్టి పెట్టేది!

*

ఆ వానలకు ముందరి ఎండాకాలం పటేల్ చెరుకు పెడదామని బావి తవ్వించాడు. లోతుకు పోగా పోగా నీళ్ళు పడ్డాయి. ఇప్పుడు దానికి కొత్త ఆయిల్ ఇంజను బిగించారు. ఇంజను మొదలుపెట్టే రోజు ఊరందరినీ పిలిచాడు. పటేల్‌కు ఏ దేవుడితోనూ పేచీ లేదు. పొద్దున అయ్యగారితో పూజ చేయించాడు, తర్వాత ముల్లాతో ఫాతెహా చదివించాడు, చివర తాతను ప్రార్థన చెయ్యమన్నాడు. "అందరికి చెప్పి ఉంచితె మంచిది. ఎవలి చేతుల ఉన్నయో నీళ్ళు," అన్నాడు.

బావి పక్కనే పెసర చేను. కాయలు నల్లబడి కోతకు వచ్చాయి. చేనుకూ దారికీ మధ్య ఒక గట్టు ఉంది. మేము పోయేసరికి ఆ గట్టు పక్కన బండ్లు నిలిపి ఉన్నాయి. బొబ్బట్లను మా దిక్కు బచ్చాలు అంటారు, అవి కాలుతున్న నెయ్యి వాసన, కొత్త ఇంజను నూనె వాసన. తాత టట్టును దూరంగా కట్టేద్దామని చోటు వెతుకుతుంటే పటేల్ ఎదురొచ్చాడు.

"ఏం ఉపదేశయ్యా, గుర్రానికి బుద్ధి వచ్చిందని ఊరంత చెప్పుకుంటుండ్రు. నిజమేనా?"

"దేవుని దయవల్ల జర వచ్చింది పటేలా."

"అయితె దూరం ఎందుకు? నా పెసర చేను పక్కన్నె నిలవెట్టు. జూద్దాం. మూతి వెట్టకుంటె ఇగ దాని మాట ఎత్త. వెట్టిందో..." అంటూ బడి దిక్కు చెయ్యి చూపించాడు.

అందరూ ఇటు తిరిగారు. నాయనమ్మ ఆడవాళ్ళ మధ్య నుంచి తాతను చూసింది. ఆవిడ కళ్ళల్లో హుమ్నాబాద్ సంత కనబడింది నాకు.

"సరే పటేలా," అన్నాడు తాత.

టట్టును చేను అంచున నిలబెట్టి పగ్గాలు నా చేతికి ఇచ్చాడు. నా బలం దానికి ఏపాటిది? అది మెడ ఒక్కసారి విదిలిస్తే నేను ఎగిరి పడతాను. అయినా భయం వెయ్యలేదు. తాత గొంతు వినబడేదాకా అది కదలదని నాకు తెలుసు. పెసరకాయలు దాని ముక్కు పక్కనే ఊగుతున్నాయి. అది వాటిని చూడను కూడా చూడలేదు. తల ఎత్తి తాత దిక్కే చూస్తోంది. పటేల్ మీసం దువ్వుకుంటూ దాన్నే చూస్తున్నాడు.

తాత బావి ఒడ్డున నిలబడి ప్రార్థన మొదలుపెట్టాడు. జనం చేతులు కట్టుకున్నారు. మావాళ్ళకు మధ్యమధ్యలో ఆమెన్ అనడం అలవాటు. "ఈ నీళ్ళను ఆశీర్వదించు ప్రభువా," అంటే "ఆమెన్, ఆమెన్" అని పదిమంది. టట్టు చెవులు అటూ ఇటూ ఆడాయి గానీ తల దిగలేదు. నాకు గర్వంతో ఒళ్ళు పొంగింది. మీరంతా అంటే మాత్రం వింటుందా, మా తాత అనాలి, అనుకున్నాను.

అలా అనుకున్న మరుక్షణమే పగ్గాలు గట్టిగా బిగించాను.

తాత అంటాడు. ప్రార్థన చివర తాతే అంటాడు. అనక తప్పదు. అన్న మరుక్షణం టట్టు తల దించుతుంది, దించితే దాని మూతి పెసర చేలోనే. ఇన్నాళ్ళూ రోజూ ప్రార్థన చేసీ చేసీ, ఈ సంగతి తాతకు తట్టలేదు, నాయనమ్మకు తట్టలేదు, నాకూ తట్టలేదు. అరుద్దామంటే ప్రార్థన. ప్రార్థనలో అరిస్తే నాయనమ్మ చంపుతుంది. టట్టును వెనక్కి లాగుదామని చూశాను, అది రాయిలా నిలబడింది. బుద్ధిగా నిలబడడమే కదా దానికి నేర్పింది! పగ్గాలు చేతికి చుట్టుకుని, "తాతా అనకు, తాతా అనకు," అని లోపల్లోపల గొణుక్కున్నాను. నా జీవితంలో అంత గట్టిగా ప్రార్థన చేసింది అదే మొదటిసారి. అదైనా ఆమెన్ వద్దని.

తాత గొంతు చివరికి వచ్చింది. మాకందరికీ తెలిసిన ముగింపు. "...యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ..."

జనం ఊపిరి తీసుకున్నారు, కలిసి అనడానికి.

తాత ఆగిపోయాడు.

నేను చూశాను. ఆయన ఒక కన్ను తెరిచాడు. ఆ కన్నుతో టట్టును చూశాడు, దాని ముక్కు ముందు ఊగుతున్న కాయల్ని చూశాడు, నన్ను చూశాడు. నా మొహం చూస్తే చాలు, ఎవరికైనా సంగతి అర్థమయ్యేది. తాత నోరు మూసుకున్నాడు. జోడించిన చేతులు జోడించినట్టే ఉంచుకుని, కుంటుకుంటూ జనం మధ్య నుంచి నడిచి వచ్చాడు. మావాళ్ళు ఎవరూ కళ్ళు తెరవలేదు. ఆమెన్ రాందే ఎలా తెరుస్తారు? పాపం, అందరూ కళ్ళు మూసుకుని, తల వంచుకుని, నోటి చివర మాట పట్టుకుని నిలబడ్డారు. ఎవరి పిల్లాడో "అయిపాయెనా?" అన్నాడు, ఎవరో నోరు మూశారు.

తాత నా చేతిలోంచి పగ్గాలు తీసుకుని "చలో" అన్నాడు మెల్లగా. టట్టు కదిలింది. దాన్ని చేను దాటించి, బండ్ల మధ్య నుంచి నడిపించి, గట్టు మీదికి ఎక్కించాడు. గట్టు నిండా మోకాలెత్తు గడ్డి. అక్కడ నిలబెట్టి, పగ్గాలు వదిలి, బావి దిక్కు తిరిగి, ఊరంతా వినబడేలా అన్నాడు.

"ఆమెన్!"

"ఆమెన్!" అంది జనం, ఎంతో సేపు ఆపుకున్న మాట కాబట్టి ఎప్పటికన్నా గట్టిగా.

టట్టు తల దించింది. గడ్డి పరపరా తెగిన చప్పుడు అంత దూరం నుంచి కూడా నాకు వినబడింది. నేను అక్కడే చేను అంచున బురదలో కూలబడి ఏడ్చేశాను. సంతోషానికి ఏడుపు వస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు.

కళ్ళు తెరిచిన మావాళ్ళకు బావి దగ్గర తాత లేడు. గట్టు మీద గుర్రం పక్కన ఉన్నాడు. ఏం జరిగిందో అర్థంకాక ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. నేను కాక సంగతంతా కనిపెట్టింది పటేల్ ఒక్కడే, ఆయనకు కళ్ళు మూసుకునే చట్టం లేదు కదా. ఆయన ముందు మీసాల్లో నవ్వాడు, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు, చివరికి తలగుడ్డ విప్పి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఉపదేశయ్యా! నా బావికి చెయ్యమంటె గట్టుకు చేస్తివా ఆమెన్? ఇగ నీళ్ళన్ని గట్టుకే పోతయి చూడు!"

"గుర్రం సంగతి ఏమంటవు పటేలా?" అన్నాడు తాత, ఆయాసపడుతూ.

"ఏమంట? ఉండనియ్యి. నా చేను పక్కకెల్లే రా. నా కొడుకులకు గూడ గింత బుద్ధి లేదు."

నాయనమ్మ నేరుగా పొయ్యి దగ్గరికి పోయింది. ఒక బచ్చం తెచ్చి సగం నాకు పెట్టింది. మిగతా సగం, పొయ్యి దగ్గరి ఆడవాళ్ళు చూస్తుండగానే, టట్టు నోటికి అందించింది. ఆమెన్ అనకుండానే.

ఇంజను దడదడలాడింది. నీళ్ళు కాలువలో పడ్డాయి. ఆ కాలువ గట్టు కింది నుంచే పోతుంది. నీరు ఊరి ఊరి, ఆ తర్వాత ఎండాకాలం చుట్టూ నేల నెర్రెలు విచ్చినా ఆ గట్టు మాత్రం పచ్చగానే ఉండేది. ఉపదేశయ్య ఆమెన్ అక్కడ పడ్డందుకేనని పటేల్ అందరికీ చెప్పేవాడు. ఆయన వెటకారానికి అన్నాడో, నమ్మే అన్నాడో నాకు తెలియదు. కలుపుకు పోయేవాళ్ళు "ఆమెన్ గట్టు కాడ కూసుందాం" అనడం మొదలుపెట్టారు. కన్నడ బడి పంతులు కూడా పిల్లల్ని అక్కడి దాకా పరుగు పందెం పెట్టేవాడు. టట్టు ముసలిదై పరుగు మానేశాక కూడా తాత సాయంత్రాలు దాన్ని నడిపించుకుని ఆ గట్టు దాకా వెళ్ళి, ఒక్క మాట చెప్పి, పక్కన కూర్చుని పొడుం పీల్చుకునేవాడు.

*

"అమ్మమ్మా, మీరు గూడ ఈడనే దిగుతరా?" అంది ఆటోలోని పిల్ల.

నేను దిగాల్సింది ఇంకా ముందుకు. అయినా దిగాను. ఆటో పోయాక దుమ్ము తగ్గేదాకా కళ్ళు తెరవడానికి భయపడ్డాను.

ఆ పిల్ల చెప్పింది నిజమే. పెసర చేను లేదు. తెల్లసున్నం కొట్టిన ప్లాటు రాళ్ళు వరసగా ఉన్నాయి. ఒక కాంపౌండ్ గోడ, ఒక చాయ్ బండి. బావికి ఇనుప జాలీ వేశారు. కానీ గోడకూ రోడ్డుకూ మధ్య, ఎవరి కొలతలోకీ రాకుండా మిగిలిపోయిన సన్నటి గట్టు ఉంది. దాని నిండా తడి తడిగా గడ్డి ఉంది. ఒక బర్రె అందులో మూతి పెట్టి, ఎవరి మాటకూ ఆగకుండా మేస్తోంది.

చాయ్ బండి బల్ల మీద కూర్చుండిపోయాను.

"అది గడ్డేనా? నేను రోజు జూస్త, ఎన్నడు సోయి లేకపాయె," అంది ఆ పిల్ల. "ఏం జూస్తున్నరు అమ్మమ్మా గంత సంతోషంగ?"

అప్పుడు ఆ పిల్లకు చెప్పాను, టట్టు నుంచి మొదలుపెట్టి బచ్చం దాకా. చాయ్ చల్లారిపోయింది. ఆ పిల్ల నవ్వీ నవ్వీ డబ్బా కింద పడేసుకుంది.

"అంటె అమీన్ సాబ్ లేనే లేడా?"

"లేడు బిడ్డా. ఒక ముసలాయన, ఒక టట్టు."

తాత చేసిన ప్రసంగాలు ఎన్నో విన్నాను. ఒక్కటీ గుర్తులేదు, నాకే కాదు, ఎవరికీ గుర్తులేదు. కానీ గుర్రం కోసం ఆయన మోసుకొచ్చి దించిన ఆ ఒక్క ఆమెన్ మాత్రం ఇంకా ఆ గట్టు మీదే ఉంది, అక్కడ ఆటోలు ఆగుతున్నాయి.